ఎదురింటి నూకాలమ్మ దొంగాట

మా గురువుగారు వీరభద్రాచారిగారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వేసుకునేవారు. ఆ కిర్రుచెప్పుల చప్పుడు వినగానే తోటి శిష్యుడు సత్తిరాజూ నేనూ మందు నూరుతున్న కల్వాలు అక్కడే వదిలేసి ఆయన వెనకాల నడవాలి. వైద్యం నేర్చుకుందామని చేరిన నేను ఆ నాలుగేళ్లలో గ్రంథాలకన్నా వీధులే ఎక్కువ చూశాను. ఇప్పుడు ఎవరైనా ఎక్కడ చదువుకున్నావని అడిగితే ఆ వీధులే గుర్తొస్తాయి.

ఒక మధ్యాహ్నం సత్తిరాజు అడిగాడు. "గురువుగారూ, తొంభై దాటిన మనిషికి జ్ఞాపకం నిలిపే మూలిక ఏదైనా ఉందాండి?"

తల్లి పోయిన వాణ్ణి పసితనం నుంచీ ఎత్తుకుని పెంచిన నాయనమ్మ అచ్చియ్యమ్మగారికి అప్పటికి తొంభై రెండు. ముందురోజు వాడు అన్నం కలిపి ముద్ద నోటికి అందిస్తుంటే, మొహంలోకి చూసి, "ఎవరబ్బాయివి బాబూ?" అందట. వాడా రాత్రి అన్నం తినలేదు.

"ఏమిస్తున్నావు?" అన్నారు గురువుగారు.

"రెండు నెలల్నుంచీ సరస్వతి ఆకు లేహ్యమండి, రెండు పూటలా."

"పథ్యం?"

ఇది చెప్పేటప్పుడు మావాడు కాస్త గర్వపడ్డాడు కూడా. పులుపు లేదు, కారం లేదు, పైత్యం రేపే పని ఏదీ లేదు. ఎదురింటి నూకాలమ్మగారు రోజూ వామనగుంటల పీట చంకన పెట్టుకుని వచ్చేది. గుంటల్లో చింతపిక్కలు పంచుకుంటూ పోయే ఆ ఆట మొదలైన కాసేపటికే ఇద్దరు ముసలమ్మల కీచులాట వీధి చివరికి వినపడేది. అంత ఉద్రేకం పనికిరాదని, లేహ్యం మొదలుపెట్టిన రోజే సత్తిరాజు ఆవిడ చేతులు పట్టుకుని రావద్దని బతిమాలాడు. కోపం పైత్యాన్ని రేపుతుంది, పైత్యం మతిని చెడగొడుతుంది అని వల్లెవేసినవాళ్లం మరి. తప్పు వాడొక్కడిదే అంటే నా కళ్లు పోతాయి. ఆ సలహా ఇచ్చింది నేనే.

గురువుగారు చెప్పులు వేసుకున్నారు.

ఆయన సత్తిరాజు ఇంటికి వెళ్లలేదు, ఎదురింటికి వెళ్లారు. నూకాలమ్మగారు వసారాలో పీట ముందేసుకుని ఒక్కతే కూర్చుని ఉంది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, ఎండు మిరపకాయలా ఉండేది. అచ్చియ్యమ్మగారూ ఆవిడా ఒకే ఏడాది ఆ వీధికి కాపరానికొచ్చారు. పీట మీద గుంటలు డెబ్భై ఏళ్లపాటు వాళ్ల వేళ్లు తగిలి తగిలి నున్నబడ్డాయి.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఆటండి ఆచారిగారూ. వదిన పక్కా నేనే, నా పక్కా నేనే. గెలిస్తే సంబరం లేదు, ఓడితే ఉక్రోషం లేదు. ఇదేం ఆటండి!"

"దొంగాట ఆడుతున్నావా?"

"ఎవర్ని మోసం చెయ్యనండి? నన్నా?"

గురువుగారు వంగి ఆ పీట తానే ఎత్తుకున్నారు. నలుగురం వీధి దాటాం.

అచ్చియ్యమ్మగారు శుభ్రమైన దుప్పటి మీద నిమ్మళంగా కూర్చుని ఉంది. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందంటే నాకే భయమేసింది. నూకాలమ్మగారు, "వదినా" అని పిలిస్తే మర్యాదగా తలెత్తి, "కూర్చోండమ్మా, ఎవరి తాలూకు?" అంది. నూకాలమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సత్తిరాజు గోడవైపు తిరిగాడు.

"ఆడండి" అన్నారు గురువుగారు.

పిక్కలు చేతిలో పెడితే అచ్చియ్యమ్మగారి వేళ్లు ఆడాయి. మనిషి ఎక్కడుందో తెలియదు గాని వేళ్లు మాత్రం గుంట తప్పలేదు. నూకాలమ్మగారు జాలికొద్దీ నెమ్మదిగా, నిజాయితీగా ఆడి ఓడిపోయింది. గెలిచినావిడ చేతులు ఒళ్లో పెట్టుకుని మళ్లీ కిటికీకేసి చూసింది. ఇంతేనా అని నేను గురువుగారి మొహంలోకి చూశాను.

గురువుగారు కసిరారు. "నేను నిన్ను ఓదార్చడానికి తీసుకొచ్చానా తల్లీ? నీ ఆట నువ్వు ఆడు."

నూకాలమ్మగారు కళ్లు తుడుచుకుంది. రెండో ఆటలో పిక్కలు పంచుతూ పంచుతూ, తన పక్క గుంట దాటేటప్పుడు, ఒకటికి రెండు జారవిడిచింది. అది నేను అప్పుడు చూడలేదు. గురువుగారు చూశారో లేదో తెలియదు.

ఎముకల చెయ్యి ఒకటి వచ్చి ఆ మణికట్టు పట్టుకుంది.

"రెండేశావే నూకాలూ! కాపరానికొచ్చిన నాటి నుంచీ ఇదే బుద్ధి! ఒరేయ్ సత్తీ, ఎక్కడ చచ్చావురా, వచ్చి చూడు దీని ఆట!"

సత్తిరాజు వచ్చాడు. చూడలేకపోయాడు, కళ్ల నిండా నీళ్లు. నూకాలమ్మగారు ఏడుస్తూనే, "వెయ్యలేదు, ఒట్టు!" అని బొంకింది. కీచులాట వీధి చివరికి వినపడింది.

ఆవిడకి పూర్తిగా నయమైందని నేను అబద్ధం రాయను. ఆ తర్వాత బతికిన మూడేళ్లలో మనవణ్ణి పోల్చుకోని పూటలు చాలా ఉన్నాయి. కాని పీట వేసిన పూట, ఆట సగానికి వచ్చేసరికి, సత్తీ అన్న కేక ఒకటి వచ్చేది. వాడు ఎక్కడున్నా పరుగెత్తేవాడు. ఇప్పుడు మా ఇద్దరికీ ఎనభై దాటాయి. ఆ పీట పనసచెక్కదని నేనంటాను, కాదు టేకుదని వాడు ఫోనులో అరుస్తాడు. వారానికోసారి పోట్లాడుకుంటాం. వాడి ఫోను ఆలస్యమైతే నాకు పొద్దు గడవదు.

ఆ రోజు గుమ్మం దగ్గర గురువుగారు చెప్పులు వేసుకుంటుంటే సత్తిరాజు వెనకాలే వచ్చి అడిగాడు. "గురువుగారూ, మరి లేహ్యం ఆపెయ్యమంటారా అండి?"

ఆయన లోపలికి చూశారు. నూకాలమ్మగారు ఇంకా ఒట్లు పెడుతూనే ఉంది, మధ్యమధ్య దగ్గుతోంది.

"ఎందుకాపడం? మీ నాయనమ్మకి అసలు మందు పదికాలాలు ఉండాలిగా. రేపట్నుంచి ఎదురింటావిడకి పెట్టు."