పది బిళ్లల ప్రయాణం

పూర్వం నల్లవాగు సీమలో బండ్ల బసవప్ప జనానికి ఒక ఆశ పెట్టాడు. బాడుగిచ్చి తన బండెక్కిన ప్రతిసారీ ఒక ఇత్తడి బిళ్ల ఇస్తాడు. పది బిళ్లలు చూపిస్తే కొండ తిరునాళ్లకు ఊరికే తీసుకెళ్తాడు.

తిరునాళ్లు మొదలవగానే బుట్టలల్లే నాంచారి పది బిళ్లలూ తెచ్చింది.

"తిరునాళ్ల రోజుల్లో ఇవి చెల్లవే. తిరునాళ్లయ్యాక అమావాస్యకి రా," అన్నాడు బసవప్ప. బండిలోవాళ్లు నవ్వారు. ఆమె తల దించుకుంది.

మర్నాడే బసవప్ప కూతురి సారెకి చెప్పిన బుట్టల కోసం వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని నాంచారి ఇంటికొచ్చాడు.

"బుట్టలు సిద్ధమే దొరా. కానీ సారె రోజున ఇవ్వను. అమావాస్యకి రండి," అంది నాంచారి.

"అదేం మాటే? డబ్బు ముందే ఇచ్చాను కదా!"

"నేనూ పదిసార్లు ఇచ్చాను కదా దొరా."

వియ్యంకుడి ముందు బసవప్పకు తల కొట్టేసినట్టయింది. "బండి కట్టిస్తాను, ఎక్కు తల్లీ," అన్నాడు.

నాంచారి బుట్టలిచ్చి బండెక్కింది. అయినా ఆమె తల లేవలేదు. ఆ బిళ్లల కోసం, అమ్మడానికి చంకన ఒక్క బుట్టైనా లేకుండా, బాడుగ దండగ చేసుకుని ఆరుసార్లు సంత బండెక్కింది తనే మరి.