ఏడు తోకల ఏనుగు

పంతుళ్ళ ట్రైనింగు కాలేజీ మొత్తానికి తెలివైనవాళ్ళు ముగ్గురే: పైడిరాజు, సన్యాసమ్మ, గవరయ్య. ఈ మాట చెప్పినవాళ్ళూ ఆ ముగ్గురే. పైడిరాజు రెండుసార్లు పరీక్ష తప్పాడంటే, తెలివి ఎక్కువై పేపర్లో పట్టక తప్పాడు. ఇది మూడోసారి. ఇదీ పోతే మేష్టరు ఉద్యోగం గోవిందా.

పరీక్ష ఏమిటంటే, ఒకటో తరగతి పిల్లలకి చూపించడానికి కంప్యూటర్లో ఏనుగు బొమ్మ చెయ్యాలి. ఎటు తిప్పితే అటు కనబడే బొమ్మ.

"ముందువైపు చేసి ఊరుకోకండి. వెనకవైపు కూడా చూసి చెయ్యండి" అంది కృపావతి మేడం.

అంతే. ముగ్గురూ లేచి కంప్యూటరు వెనక్కి వెళ్ళారు. అక్కడ వైర్లు వేలాడుతున్నాయి.

"ఏనుక్కి ఒకటే తోకని మనకి అబద్ధం చెప్పినారురా" అన్నాడు గవరయ్య.

లెక్కపెట్టి మరీ ఏడు తోకలు తగిలించారు. మేడం చూసి తల పట్టుకుంది.

"తోకల సంగతి తరవాత. ముందు ఏనుగు గాల్లో తేలుతోంది, నేలకి దించండి."

ఇంకేముంది, తలోపక్కా పట్టి కంప్యూటర్ని బల్ల మీంచి నేల మీదకి దించేశారు. సన్యాసమ్మ కింద చాప పరవబోతే, నేలకే ఆనాలన్నారు కదా అని పైడిరాజు తీయించాడు. తన తెలివికి తనకే ముచ్చటేసింది.

పరీక్ష చెయ్యడానికి వచ్చిన పెద్దాయన నేల మీద చతికిలబడి బొమ్మని తిప్పి తిప్పి చూశాడు. తోకలు లెక్కపెట్టాడు.

"దీనికి అన్నీ ఎక్కువే నాయనా. ప్రాణం ఒక్కటే తక్కువ" అన్నాడు, మార్కుల కాగితం తీస్తూ.

పైడిరాజు ఆ కాగితంకేసి చూశాడు. ఒక్కటంటే ఒక్కటి తక్కువైనందుకు మూడోసారీ తప్పాలా? నిజంగానే ఏడుపొచ్చింది. నవ్వకండి, మీకూ నాకూ అక్షరాలు దిద్దించినవాళ్ళూ ఇలా కష్టపడి నేర్చుకున్నవాళ్ళే. మనల్ని చూస్తే తెలియడం లేదూ?

"పొద్దుట్నించి దానికి చుక్క నీళ్ళు పట్టలేదు. ప్రాణమెలాగుంటాది?" అంది సన్యాసమ్మ.

పైడిరాజు పరుగున బిందెడు నీళ్ళు తెచ్చి, పెద్దాయన అడ్డుకునేలోగా ఏనుగు నెత్తిన కుమ్మరించాడు. టప్పుమంది. తెర వెనకనుంచి సన్నగా పొగ లేచింది.

పైడిరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఊపిరొచ్చేసినాది బాబూ. ఇప్పుడు మార్కులెయ్యండి."