వీర్రాఘవులు జీపుకి నల్ల చక్రాలు

గుడాలవారి ఇంట్లో ముగ్గురు మనుషులు. ముగ్గురూ మహా తెలివైనవాళ్ళు. ఎవరన్నారని అడక్కండి, వాళ్ళే అనుకునేవారు. పెద్దాడు వీర్రాఘవులు, వాడి తమ్ముడు చిట్టబ్బాయి, వీర్రాఘవులు పెళ్ళాం సూరాయమ్మ. పొద్దున్నే దీపం పెట్టి ముగ్గురూ కలిసి దండం పెట్టుకునేవారు, రామయ్య తండ్రీ, మాకిచ్చిన తెలివిలో కాస్త తీసి ఊళ్ళోవాళ్ళకీ పంచు, పాపం, అని.

వీర్రాఘవులు గొప్పతనం ఏమిటంటే, చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు. ఒకసారి సూరాయమ్మ పాలు పొయ్యి మీద పెట్టి, పొంగుతాయేమో చూస్తూ ఉండమని దొడ్లోకి వెళ్ళింది. చూస్తూ ఉన్నాడు. పొంగాయి. పొయ్యి ఆరిపోయింది. ఇంకా చూస్తూనే ఉన్నాడు. అంతటి మనిషి.

సరే, ఆ ఏడు శ్రీరామనవమి నాలుగు రోజులుందనగా గుడి రథానికి ఇరుసు విరిగింది. స్వామివారి ఊరేగింపుకి బండి కావాలి. ఊళ్ళో పైకప్పు లేని జీపు వీర్రాఘవులికే ఉంది. పూజారి శేషాచార్యులుగారు వచ్చి చుట్టూ తిరిగి చూశారు. బండి బాగుంది, చక్రాలే బాగాలేవు. కంపెనీవాళ్ళు వేసిన వెండిరంగు పొలుసులు లేచి, మచ్చలు పడి చూడ్డానికి ఎలాగో ఉన్నాయి. నల్లరంగు వెయ్యి నాయనా, మన స్వామీ నల్లనివాడేగా, ముచ్చటగా ఉంటుంది, అన్నారు. పండగనాటికి కాకపోతే ప్రెసిడెంటుగారి ట్రాక్టరు ఎలాగూ ఉందనీ అన్నారు.

ఆ చివరి మాట వీర్రాఘవులు గుండెలో గుచ్చుకుంది. వాళ్ళ నాన్నకి రథం తాడు పట్టుకోవాలని జన్మంతా ఆశ. ఒకే ఒక్క ఏడు పట్టుకోనిచ్చారు. గట్టిగా పట్టుకోమన్నారు. ఆయన ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, రథం అక్కడే ఆగిపోయింది. మళ్ళీ ఆ ఇంటివాళ్ళని స్వామి సేవకి ఎవరూ పిలవలేదు. ఇన్నాళ్ళకి పిలుపొచ్చింది. ఇది జారిపోతే ఇంకేముంది.

వీర్రాఘవులు టౌనుకి పరిగెత్తాడు. పెయింటరు మస్తాను పండగ పనుల్లో తలమునకలుగా ఉన్నాడు. నల్లరంగు స్ప్రే డబ్బాలు చేతిలో పెట్టి, వేసే పద్ధతి చెప్పాడు.

"ముందు చక్రాలు ఊడదీసి, పసిపిల్లకి పోసినట్టు చక్కగా నీళ్ళు పొయ్యి. గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దు. నల్లబడకూడనివాటికి కాగితం చుట్టి టేపు వెయ్యి. మళ్ళీ బిగించి, బండిని ఎత్తులో పెట్టి రంగు కొట్టు. కొట్టాక రెండు రోజులు చక్రం నేలకి తగలనివ్వకు. అంతే."

అంతే. బస్సులో ఆ మాటలే జపం చేసుకుంటూ ఇంటికొచ్చి, ఒక్క ముక్క పోకుండా అప్పజెప్పాడు.

పసిపిల్లకి నీళ్ళు పోయడం మగవాళ్ళకేం తెలుసని సూరాయమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని పీట మీద కూర్చుంది. కాళ్ళు చాపింది. చక్రాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టించుకుంది. నువ్వులనూనె పట్టించి, మర్దనా చేసి, సున్నిపిండితో నలుగు పెట్టింది. పసిపిల్లకి ముక్కు నొక్కాలి కదా. ముక్కు కోసం వెతికింది. గాలి కొట్టే పుల్ల దొరికింది. నొక్కింది. చక్రం బుస్సుమంది. పాపం తుమ్మింది, జలుబు చేస్తుందని గాలంతా పోయేదాకా నొక్కింది. నాలుగు చక్రాలూ నాలుగుసార్లు తుమ్మాయి. చివర్న సాంబ్రాణి పొగ వేసి, దిష్టిచుక్క పెట్టారు. నల్లబడటం మొదలైంది అన్నయ్యా, అని చిట్టబ్బాయి సంతోషపడ్డాడు.

మర్నాడు ఓ చుక్క రంగు కొట్టి చూస్తే, నూనె మీద నిలవలేదు, జారిపోయింది. మస్తానుకి ఫోను చేశారు. రంగు కొట్టే చోట నూనె చుక్క కూడా ఉండకూడదని మస్తాను చెప్పి పెట్టేశాడు.

రంగు కొట్టే చోటు అంటే ఏది? వీళ్ళ ఇల్లే. ఇంకేముంది, వంటింట్లో నూనె డబ్బా, పచ్చడి జాడీలు, అన్నీ పక్కింటికి చేరాయి. దేవుడి దీపాన్ని కూడా సూరాయమ్మ కళ్ళకద్దుకుని పక్కింట్లోనే పెట్టి వచ్చింది. ముగ్గురూ కుంకుడురసంతో తలంట్లు పోసుకున్నారు. అప్పుడు చిట్టబ్బాయికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. జీపులోనూ నూనె ఉందిగా అన్నాడు. ఇంజను ఆయిలు పోయింది. డీజిలు పోయింది. చక్రాల మీద నూనెని సబ్బుతో కడిగారు, అది మాత్రం వాళ్ళు పొరపాటున చేసిన మంచిపని.

ఇక మెరుపు. చక్రాలు మెరవకుండా రుద్దడం గంటలో అయిపోయింది. కానీ వీర్రాఘవులు తలెత్తి చూస్తే ముందు బంపరు మెరుస్తోంది. రుద్దారు. లైట్లు మెరుస్తున్నాయి. రుద్దారు. పక్క అద్దాలు, ముందు అద్దం, అన్నీ మజ్జిగ పోసినట్టు తెల్లబడేదాకా రుద్దారు. ఒక పగలంతా పట్టింది. ఇంకా ఏదో మెరుస్తోందని వెతికితే, అన్న చూపు తమ్ముడి బట్టతల మీద పడింది. చిట్టబ్బాయి తలకి తువ్వాలు చుట్టుకున్నాడు.

పండగ ముందురోజు పొద్దున్న చక్రాలు బిగించి, నాలుగిళ్ళ నుంచి నాలుగు రోళ్ళు తెచ్చి, చక్రాలు గాలిలో ఉండేలా జీపుని వాటి మీదకి ఎక్కించారు. నల్లబడకూడనివి ఏమిటని కూర్చుని ఆలోచించారు. జీపుకి చుట్టారు. కోళ్ళకి చుట్టారు. సూరాయమ్మ తెల్లగా ఉంటుంది, ఆవిడకి రెండు వరసలు చుట్టారు. గేదె దగ్గరికొచ్చి ఆగి, దీనికి అక్కర్లేదని వదిలేశారు. సరిగ్గా అప్పుడే, పని ఎంతవరకూ వచ్చిందో చూద్దామని శేషాచార్యులుగారు మల్లెపువ్వులాంటి పంచె కట్టుకుని గుమ్మంలోకొచ్చారు. అంతే. ఆయన నోరు తెరిచేలోపు మెడదాకా కాగితాలు చుట్టి టేపు వేసేశారు.

ఆయన దేవుడి మనిషి, కోప్పడలేదు. కాగితాల్లోంచే నెమ్మదిగా చెప్పారు. "రేపు సాయంత్రం బండి నువ్వే నడపాలి. స్వామి ఎక్కాక, నేను చెప్పేదాకా నీ సీటు దిగకు. అది గుర్తుంటే చాలు, నాయనా."

ఇంతా చేసి రంగు మాత్రం అద్భుతంగా కుదిరింది. నాలుగు చక్రాలూ కాటుక దిద్దినట్టున్నాయి.

నవమి రోజు కల్యాణం అయింది, పానకం వడపప్పు పంచారు. సాయంత్రమైంది. మేళం వచ్చింది. భజన బృందం నలభైమంది వచ్చారు. జీపు రోళ్ళ మీదే ఉంది. చక్రం నేలకి తగలడానికి ఇంకా ఒక రోజు ఉంది. అవతల ప్రెసిడెంటుగారు ట్రాక్టరుకి దండలు కట్టిస్తున్నారు. వీర్రాఘవులు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాడు పట్టుకుని నిలబడిపోయిన నాన్న గుర్తొచ్చాడు. స్వామి మన బండి మీదే రావాలి, చక్రం నేలకి తగలకూడదు, రెండూ జరగాలి అనుకుంటూ భజన బృందాన్ని చూశాడు. వాళ్ళ భుజాలు చూశాడు.

ఇంకేముంది, పందిళ్ళకి వేసే పొడుగాటి సర్వీబాదులు తెచ్చి జీపు కింద అడ్డంగా కట్టారు. స్వామివారిని, అమ్మవారిని పైన వేంచేపు చేశారు. వీర్రాఘవులు స్టీరింగు ముందు కూర్చున్నాడు. గోవిందా అని నలభైమందీ జీపుని పల్లకీలా లేపారు.

నాలుగడుగులు వేసేసరికి భజన గురువు పోలయ్యకి ఊపిరాడలేదు. ఎలాగూ మోస్తున్నాం, ఆ చక్రాలు ఊడదీసి ఇంట్లో పెడితే బరువు తగ్గుతుంది కదయ్యా అన్నాడు.

వీర్రాఘవులు జాలిగా చూశాడు. "చక్రాలు లేకపోతే బండెలా నడుస్తుంది, పోలయ్య మామా?"

ఊరంతా వీధుల్లోకొచ్చింది. మలుపు రాగానే వీర్రాఘవులు హారను కొట్టి, చెయ్యి బయటపెట్టి, స్టీరింగు తిప్పేవాడు. మోసేవాళ్ళు తిరిగేవారు. తను తిప్పితేనే తిరిగిందనుకుని మురిసిపోయేవాడు. దీపాల వెలుగులో నల్ల చక్రాలు నిగనిగలాడుతూ గాలిలో తేలిపోతుంటే, వాటి పైన రామయ్య చిరునవ్వుతో ఊగుతూ వస్తుంటే, ముసలమ్మలు చేతులెత్తి మొక్కారు. ఇంత అందమైన ఊరేగింపు ఎప్పుడూ చూడలేదన్నారు. ప్రెసిడెంటుగారు ట్రాక్టరు దిగి, తనూ ఒక బాదు కింద భుజం పెట్టారు.

స్వామివారు గుడిలోకి చేరారు. ఆచార్యులుగారు ఆనందంతో హారతికని లోపలికి వెళ్ళిపోయారు. ఇవతల నలభైమంది ఒగరుస్తూ గుడాలవారి వాకిట్లోకొచ్చారు. చూస్తే రోళ్ళు లేవు. పిండి రుబ్బుకోవాలని ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. దించుదామంటే చక్రాలు నేలకి తగుల్తాయి. భుజాలు విరిగిపోతున్నాయి, ఎక్కడ పెట్టాలో త్వరగా చెప్పమని పోలయ్య మొత్తుకున్నాడు.

చిట్టబ్బాయి తువ్వాలు సర్దుకుని ఒక్క క్షణం ఆలోచించాడు. తిరగెయ్యండి అన్నాడు.

అంతే. ఒక గడ్డివాము కూలదోసి, దాని మీద జీపుని వెల్లకిలా తిరగేశారు. నాలుగు నల్ల చక్రాలూ ఆకాశంలోకి లేచి, ఒక్క ధూళికణం అంటకుండా చల్లగా ఆరుతున్నాయి. సూరాయమ్మ వాటికి విసనకర్రతో విసురుతోంది.

హారతి పళ్ళెంతో వచ్చిన ఆచార్యులుగారు ఆ దృశ్యం చూసి గుమ్మంలోనే ఆగారు. వంగి చూశారు. లోపల వీర్రాఘవులు తలకిందులుగా, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని వేలాడుతున్నాడు. బండి కదలకుండా హ్యాండుబ్రేకు కూడా వేసి ఉంచాడు.

తను చెప్పేదాకా దిగొద్దన్నది ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది.

"మీ నాన్న ఎక్కడున్నా చూసే ఉంటాడు, నాయనా. వచ్చే ఏడూ మీ బండే. ఇక దిగు."

వీర్రాఘవులు తలకిందులుగానే దండం పెట్టాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు.

"పైకి దిగమంటారా, కిందికి దిగమంటారా, ఆచార్యులుగారూ?"