ఎదురింటి దూరం

పరాంకుశంగారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, లేచి చెప్పులు వేసుకుంటారు. పల్లెవాళ్లకు వైద్యం అందుతున్నదో లేదో కొలిచే విద్యలో ఆయనది పెద్ద పేరు. ఆయన వెంట తిరిగి నేర్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి గనుక, అరిగిన కాళ్ల సాక్షిగా చెబుతున్నాను.

ఆ చలికాలం ఉదయం సుచరిత గాల్లో తేలుతూ వచ్చింది. మా అందరిలోకీ చురుకైన శిష్యురాలు. కొండపేట ఆరోగ్య కేంద్రం చుట్టూ ఉన్న ఊళ్లన్నీ పటంగా గీసి, దగ్గరి ఇళ్లకు పచ్చరంగు, దూరపు ఇళ్లకు ఎర్రరంగు వేసింది. ఎంత ముచ్చటగా ఉందంటే, నాకు కాస్త కుళ్లు కూడా పుట్టింది.

"అందరికంటే దూరాన ఉన్నది కొండమీద గూడెంవాళ్లని తేల్చేశాను గురువుగారూ. ఇక కొలవాల్సిందేమైనా ఉందా?" అని అడిగింది.

ఆయన చెప్పులు వేసుకున్నారు. పటంలో అన్నిటికంటే పచ్చగా ఉన్న ఇంటిమీద వేలు పెట్టి, అక్కడికి పోదాం పదమన్నారు. అది కేంద్రానికి సరిగ్గా ఎదురిల్లు. సుచరిత నవ్వింది. నేనూ నవ్వాను.

వాకిట్లో అడుగు పెట్టగానే మా నవ్వు ఆగిపోయింది. లోపల బాలింత వెక్కివెక్కి ఏడుస్తోంది. పట్నం ఆసుపత్రిలో పుట్టి ఇంటికొచ్చిన పసిగుడ్డు తెల్లవారినప్పటినుంచి రొమ్ము పట్టడం లేదనీ, ఒళ్లు చల్లబడిందనీ అత్తగారు సింహాచలమ్మ చెప్పింది. పురిటిస్నానం కానిదే తల్లీబిడ్డా గడప దాటరు, అది వాళ్ల ఆచారం. పురిటింట్లోకి పరాయివాళ్లను రానివ్వరని కేంద్రంవాళ్ల నమ్మకం. ఒకరినొకరు అడిగిన పాపాన పోలేదు. మధ్యలో ఉన్నది ఒక్క వీధే.

సుచరితకు ఒళ్లు మండిపోయింది. ఎదురుగా ఆసుపత్రి పెట్టుకుని బిడ్డ ప్రాణం మీదికి తెచ్చుకుంటారా అని సింహాచలమ్మను నిలదీసింది. ఆవిడ మాత్రం తక్కువ తిన్నదా!

"మేం రాకూడదు గానీ, మిమ్మల్ని రావద్దన్నామేటి?"

మరుక్షణం సుచరిత ఒక్క పరుగున వీధి దాటి, నర్సు ఎస్తేరును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఎస్తేరు డాక్టరుకు కబురు పెట్టి, బిడ్డ బట్టలు విప్పి తల్లి గుండెకు ఆనించి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పింది. మేం బయట అరుగుమీద కూర్చున్నాం.

కాసేపటికి లోపలినుంచి ఏడుపు వినిపించింది. ఈసారి తల్లిది కాదు. అబ్బ, ఏం గొంతు అది! వీధి వీధంతా వినపడేలా ఆ బుడత గుక్కపట్టి ఏడుస్తుంటే, సుచరిత సంతోషం పట్టలేక నా భుజాలు పట్టుకుని కుదిపేసింది. బిడ్డ రొమ్ము పట్టిందని చెబుతూ సింహాచలమ్మ కళ్లు తుడుచుకుంది. మా అందరి చేతుల్లో తలా ఒక బెల్లంముక్క పెట్టింది.

వాకిట్లోనే సుచరిత పటం విప్పింది. పచ్చరంగు చెరిపేసి, ఇంతకీ ఈ ఇల్లు ఎంత దూరమని రాయాలని అడిగింది.

పరాంకుశంగారు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.

"ఎటువైపునుంచి కొలుస్తున్నావమ్మా?" అన్నారు.