పక్క మంచం

అల్జీరియాను ఫ్రెంచివాళ్లు ఏలుతున్న రోజుల్లో అక్కడి ఒక పిచ్చాసుపత్రిలో మెజియాన్ అనే కుర్ర డాక్టరు కొత్తగా చేరాడు. పుట్టింది కొండ ఊళ్లో, చదివింది పారిస్‌లో. ఏ రోగి దగ్గరికైనా ధైర్యంగా వెళ్లేవాడు గాని, ఎనిమిదో గదిలో ఉన్న అక్లి పేరు చెబితే మాత్రం గుండె జారిపోయేది.

అక్లిదీ ఆ కొండలే. తెల్లదొర ద్రాక్షతోటలో కూలి. తిరుగుబాటుదారులకు అన్నం పెట్టాడని పోలీసులు పట్టుకుపోయి పన్నెండు రోజులు ఉంచుకున్నారు. వదిలేనాటికి మనిషి మనిషిలో లేడు. ఆసుపత్రికి తెచ్చిన రోజే ఒక కాపలావాడి చెయ్యి ఎముక కనబడేలా కొరికాడు. పదకొండు నెలలుగా తోలుపట్టీలతో మంచానికి కట్టేసి ఉంచారు. ఒక్క మాట మాట్లాడలేదు.

అతణ్ణి బతికున్నన్నాళ్లూ చీకటికొట్లో ఉంచాలని పైవాళ్లు నిశ్చయించారు. డాక్టరు సంతకం ఒక్కటే తక్కువ. మెజియాన్ కాగితం పట్టుకుని, తనకు పని నేర్పుతున్న ముసలి వైద్యుడు ద్రిస్ దగ్గరికి వెళ్లాడు.

“సంతకం పెట్టెయ్యనా గురువుగారూ? ప్రమాదం మనిషి. పైగా మాట్లాడడు. అడిగి అడిగి విసిగిపోయాను.”

“ఏ భాషలో అడిగావు?”

మెజియాన్ తెల్లబోయాడు. “ఫ్రెంచిలో. ఇక్కడ అదేగా...”

ద్రిస్ లేచి, అతణ్ణి ఎనిమిదో గదికి తీసుకెళ్లాడు. అక్లి పక్కన ఒక మంచం ఖాళీగా ఉంది.

“ఆ తెల్లకోటు విప్పి పడుకో.”

గురువు అతని కాళ్లకూ చేతులకూ పట్టీలు బిగించాడు. ఎంతసేపని అడిగేలోపే తలుపు మూసుకుంది.

మొదట సిగ్గేసింది. తర్వాత ముక్కు మీద ఈగ వాలింది. తోలుకోలేకపోయాడు. అంతలో వరండాలో బూట్ల చప్పుడు. రోజూ వినేదే. ఈసారి మాత్రం ఒళ్లు చల్లబడిపోయింది. చప్పుడు దగ్గరికొచ్చి సరిగ్గా తలుపు ముందు ఆగింది. మెజియాన్ గింజుకున్నాడు. మణికట్టు దగ్గర చర్మం లేచిపోయింది.

“యెమ్మా!” అన్నాడు తనకు తెలియకుండానే. ఆ కొండల్లో అమ్మని అలాగే పిలుస్తారు.

“కదలకు.”

పక్క మంచం నుంచి వచ్చింది ఆ గొంతు. తుప్పు పట్టినట్టుంది. పారిస్ వెళ్లినప్పటి నుంచీ మెజియాన్ మాట్లాడని కొండభాష అది.

“కదలకు తమ్ముడూ. కదిలితే ఇంకా కొడతారు. కళ్లు మూసుకుని అమ్మనే తలుచుకో. అయిపోతుంది.”

మెజియాన్ కళ్లు మూసుకున్నాడు. “భయమేస్తోందన్నా,” అన్నాడు అదే భాషలో.

“నాకూనూ,” అన్నాడు అక్లి.

బూట్లు కదిలి అవతలికి వెళ్లిపోయాయి. కాసేపటికి ద్రిస్ వచ్చి శిష్యుడి పట్టీలు విప్పాడు.

మెజియాన్ లేచి అక్లి మంచం దగ్గరికి వెళ్లాడు. పట్టీ పట్టుకున్నాడు గాని వేళ్లు స్వాధీనంలో లేవు. అక్లి రెప్ప వేయకుండా ఆ వేళ్లనే చూస్తున్నాడు.

“గురువుగారూ, చేతులు వణుకుతున్నాయి. మీరు విప్పండి.”

ద్రిస్ గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు.

“నువ్వే విప్పు నాయనా. వణకని చేతుల్ని అతను చాలా చూశాడు.”