చిన్నిచేతుల గౌరి వ్రత కథ

పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని ఈ కథ వినవలెను. నడుమ పిల్లలు లేచినను, ఏడ్చినను, ఏదైనా అడిగినను చదువువారు ఆగి, వారి పని చూచి, విడిచినచోటి నుండి మరల చదువవలెను. అట్లు ఆగుటవలన వ్రతమునకు లోపము లేదు.

పూర్వము తుంగవనమున సుపర్ణుడను ముని ఆశ్రమమునకు వత్సలుడను ముని వచ్చెను. వత్సలుడు గృహస్థుల ఊళ్ల మీదుగా నడచి వచ్చినవాడు. కాళ్లు కడుగుకొని కూర్చుండి అతడిట్లడిగెను.

"స్వామీ, దారిలో నేను బస చేసిన ఇండ్లలో పసిపిల్లల తల్లులను చూచితిని. వారు దీపము పెట్టబోవుదురు, పొయ్యి మీద పాలు పొంగును. జపమునకు కూర్చుందురు, ఉయ్యాలలో బిడ్డ లేచును. ఉపవాసము ఉందమన్న చంటిబిడ్డకు పాలు చాలవు. మనము చెప్పిన వ్రతములన్నియు తీరిక గలవారికే సరిపోవుచున్నవి. వీరికి తగినది ఏదైనా కలదా?"

సుపర్ణుడు, "ఈ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరును అడుగలేదు. అడుగవలసినవారికి ఇక్కడిదాకా వచ్చుటకే తీరిక దొరకలేదు కాబోలు. ఒక వ్రతము కలదు. గౌరీదేవి తానే ఒక ఇల్లాలికి చెప్పినది. వినుము" అని చెప్పసాగెను.

గోదావరి పాయ ఒడ్డున మల్లవరపాడు అను ఊరిలో సోమయ్య అను బెల్లపు వర్తకుడుండెను. అతని భార్య భ్రమరాంబ. వారికి ఇద్దరు కూతుళ్లు. పెద్దది కనకము, నాలుగేండ్లది. చిన్నది సూరమ్మ, అప్పుడే పాకుచుండెను. సోమయ్య తల్లి పుల్లమాంబయు ఆ ఇంటనే ఉండెను.

భ్రమరాంబ పిల్లలు పుట్టక మునుపు పట్టిన ఏ నోమును నడుమ విడువలేదు. పిల్లలు పుట్టిన తరువాత ఒక్క పూజయు చివరిదాకా సాగలేదు. ఒక శ్రావణ శుక్రవారము ఆమె పీట వేసి, కలశము నిలిపి కూర్చుండెను. సూరమ్మ పాకుచు వచ్చి కలశములోని మామిడాకులు పట్టుకొనెను. కనకము పక్కన చేరి, "అమ్మా, అమ్మవారికి తలంటు పోశాక జుట్టెవరు తుడుస్తారు?" అని అడిగెను. భ్రమరాంబ బదులీయక మంత్రము చదివెను. కనకము మరల అడిగెను. మూడవమారు అడిగినపుడు, "నోరు ముయ్యవే, నా పూజంతా మంటగలుస్తోంది" అని తల్లి కసరెను. అంతలో చిన్నది ఆకులు లాగగా కలశము ఒరిగి నీళ్లు పీట మీదుగా పారెను.

భ్రమరాంబ ఇద్దరినీ అత్తగారికప్పగించి, తడిసిన చీరతోనే పెరటి గుమ్మములో కూర్చుండి ఏడ్చెను. ఆ వేళకు ఒక ముసలి ముత్తైదువ దాహమడుగుచు పెరటి దారిన వచ్చెను. నీళ్లు త్రాగి, ఏడ్పునకు కారణమడిగెను. తన ఇంట పూజ నిలుచుట లేదనియు, ఇట్టి ఇంటికి అమ్మవారు రాదనియు భ్రమరాంబ చెప్పెను.

"ఎందుకు రాదు? ఆవిడా పిల్లల తల్లే కదే" అని ముసలిది అరుగు మీద చతికిలబడెను. "నలుగుపిండితో కొడుకుని చేసుకుంది ఆవిడ. ఇప్పుడు పిల్లల చేత పసుపుతో తనని చేయించుకోవాలని ఆవిడకో ముచ్చట. ఎవరూ తీర్చట్లేదు."

పిదప ఆమె వ్రతవిధానము చెప్పెను. శుక్రవారము దీపాలవేళ పసుపును, నీళ్లను బిడ్డ ముందు పెట్టవలెను. బిడ్డ తన చేతులతో తడిపి, ముద్ద చేసి, తమలపాకు మీద గౌరిని నిలుపవలెను. పెద్దలు దానిని తాకరాదు. పెద్దలు గౌరి కథ చెప్పవలెను. బిడ్డ దానిని తనకు తోచినట్లు తిరిగి చెప్పవలెను. నడుమ దిద్దరాదు. బిడ్డ అడిగినదానికి బదులు చెప్పవలెను. తెలియనిచో తెలియదనవలెను. నానబెట్టిన శనగలు బిడ్డయే లెక్కపెట్టి వాయనమీయవలెను. లెక్క తప్పినను పుచ్చుకొనువారు పుచ్చుకొనవలెను. మడి లేదు, ఉపవాసము లేదు. తల్లి చీర మీద పాలమరక ఉన్నను కూర్చుండవచ్చును.

భ్రమరాంబ సందేహించి, "పిల్ల చేస్తే అది అమ్మవారిలా ఉండదు కదా, పిన్నిగారూ?" అని అడిగెను.

"ఆవిడెలా ఉంటుందో నువ్వు చూశావా?" అని ముసలిది లేచి వెళ్లిపోయెను.

మరుసటి శుక్రవారము భ్రమరాంబ వ్రతము పట్టెను. కనకము పసుపులో నీళ్లు ఎక్కువ పోసెను. మరల పసుపు కలిపెను. మోచేతులదాకా పూసికొని చివరకొక ముద్ద నిలిపెను. అది ఒక పక్కకు ఒరిగి, అడుగున పరచుకొని ఉండెను.

పుల్లమాంబ వంగి చూచి, "ఇదేంటే, కప్పలా కూచుంది?" అనెను.

"అలిసిపోయింది నానమ్మా. పొద్దుట్నించి పని చేసింది" అని కనకము చెప్పెను.

భ్రమరాంబ అంతకుమునుపు ఏ గౌరికిని అంత మనసుతో దండము పెట్టలేదు. తరువాత ఆమె నలుగుపిండి కథ చెప్పెను. కనకము తిరిగి చెప్పెను. ఆ వారమే ఆ పిల్లకు జ్వరము వచ్చి తగ్గియుండెను. "అమ్మవారు పిండితో బాబుని చేసుకుంది. బాబుకి జొరం వచ్చింది. అమ్మవారు నుదుటి మీద తడిగుడ్డ వేసింది. కషాయం చేదుగా ఉండదురా, తాగు అంది. కానీ చేదుగానే ఉంది" అని ముగించెను. సోమయ్య దగ్గు వచ్చినట్లు గోడవైపు తిరిగెను. శనగలు లెక్కపెట్టునపుడు కనకము ఏడు తరువాత తొమ్మిది అనెను. పొరుగింటి ఇల్లాలు కొంగు పట్టి అట్లే పుచ్చుకొనెను.

ఆ ఇంట నాటినుండి మాటలు పెరిగెను. కనకము చీమ ఎక్కడికి పోవుచున్నదని అడిగెను. తల్లి తెలియదనెను. ఇద్దరును చీమ వెంట పెరటిలోకి పోయి చూచిరి. ముగ్గుకు చుక్కలు పెట్టుట, బెల్లపు అచ్చులు వరుస పేర్చి లెక్కించుట ఆ పిల్ల ఆటలోనే నేర్చెను. సోమయ్య శుక్రవారము దీపాలవేళకు కొట్టు కట్టివేసి వచ్చుచుండెను. కొట్టులో బెల్లమునకు గిరాకీ తగ్గలేదు.

అట్లుండగా వ్రతమునకు ఉద్యాపన చేయవలసిన శుక్రవారము వచ్చెను. బంధువులను పిలిచిరి. సోమయ్య అక్కగారు వెంకాయమ్మ కనకము ఈడు కూతురిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆ పిల్ల చేతులు కట్టుకొని, తడుముకొనక శ్లోకములు చదివెను. అందరును మెచ్చిరి. వెంకాయమ్మ పీట దగ్గరకు వచ్చి ఆకు మీది ముద్దను చూచెను.

"ఏం మరదలా, పసుపు పీటమీద పారబోశారా?" అనెను. దగ్గరివారు నవ్విరి.

భ్రమరాంబకు తల కొట్టేసినట్లయ్యెను. తన బిడ్డను నలుగురిలో తక్కువ చేయుదురని ఆమె భయపడెను. కనకము పూలు తెచ్చుటకు పెరటిలోకి పోయినపుడు, ఆమె చెంగు అడ్డము పెట్టుకొని బొటనవేలితో ముద్దను నున్నగా చేసెను. ముక్కు తీర్చెను. కుంకుమతో కన్నులు దిద్దెను. కథ చెప్పువేళ కూడ ఆమె ఊరకుండలేదు. కనకము మాట మొదలుపెట్టినంతనే సరియైన మాట తాను అందించెను. కథ తప్పులేక ముగిసెను. బంధువులు, "పిల్ల ఎంత బాగా చేసిందో" అని మెచ్చి తాంబూలములు పుచ్చుకొని వెళ్లిరి.

కనకము ఆకు ముందు నిలుచుండి, "ఇది నేను చెయ్యలేదు" అనెను. తల్లి వినిపించుకొనలేదు.

మరునాటినుండి కనకము చేతులు వెనుకకు పెట్టుకొని తిరుగసాగెను. ముగ్గు తాకలేదు. బెల్లపు అచ్చు తాకలేదు. అన్నము కలిపి పెట్టిన తినెను, తాను కలుపుకొనలేదు. కొన్నాళ్లకు మాటయు మానెను. పిలిచినచో చూచును, పలుకదు. ఆ నెలలోనే ముసురు పట్టి కొట్టులోని బెల్లము చెమర్చి, నీరు కారి, ముద్దలై గోనెలకు అంటుకొనెను. కొనువారు వేరొక కొట్టు చూచుకొనిరి. సోమయ్య రోజంతయు గోనెలు మార్చుచుండెను. భ్రమరాంబకు బెల్లము సంగతి చెవికెక్కలేదు. కూతురు తనను అమ్మా అని మరల పిలుచునా అన్నది తప్ప ఆమెకు వేరు చింత లేదు.

పుల్లమాంబ ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసెను. ఫలము లేదు. వ్రతమున ఏదో లోపము జరిగినదని భ్రమరాంబ తలచి, వెండితో గౌరి ముఖము చేయించి మరల పూజ చేసెను. కథను కంఠస్థము చేయించుటకు పంతులుగారిని పెట్టెను. పంతులుగారు ఒక పద్యము ముప్పూటలా వల్లించిరి. కనకము ఆయన గడ్డమును చూచుచు కూర్చుండెను. ఆయన లేచుచు, "అమ్మా, పిల్ల మొండిది కాదు. ఏదో దాచుకుంది. అది నా చేత తీయించకండి" అని చెప్పి వెళ్లెను.

ఆ సాయంకాలము ముసలి ముత్తైదువ మరల పెరటి దారిన వచ్చెను. భ్రమరాంబ ఆమె కాళ్ల మీద పడి, అమ్మవారు తమ ఇల్లు విడిచి పోయినదని మొరపెట్టుకొనెను. ముసలిది పసుపు తెమ్మని, గౌరిని చేయుమని చెప్పెను. భ్రమరాంబ ముద్ద పట్టినంతనే ముసలిది చేయి చాచి, "అలా కాదు" అని దానిని అదిమెను. భ్రమరాంబ మరల మొదలుపెట్టెను. "పక్కకి ఒరిగిపోతోంది చూసుకో" అని ముసలిది మరల సవరించెను. మరల చేసెను, మరల సవరించెను. కొంతసేపటికి భ్రమరాంబ చేతులు ముద్దను విడిచి, తమంతట తామే వెనుకకు పోయెను. ఆమె అది గమనించి, గుమ్మములో అట్లే చేతులు పెట్టుకొని నిలుచున్న కూతురిని చూచెను.

"నేనెక్కడికీ పోలేదే. నువ్వే బొటనవేలితో నన్ను చెరిపేశావు. బిడ్డని నలుగురూ మెచ్చుకోవాలనే చేశావు, నాకు తెలుసు. నాకు కోపం లేదు" అని చెప్పి ముసలిది పెరటి తడక దాటెను. తడక కదలలేదు. అప్పుడు భ్రమరాంబ ఆమెను గుర్తించెను.

శుక్రవారము ఆమె పీట వేసెను. వెండి ముఖము పెట్టలేదు. ఎవరినీ పిలువలేదు. ఆకును, పసుపును, నీళ్లను పెట్టి, కనకమును రమ్మనక, తాను దూరముగా జరిగి కూర్చుండెను. కనకము స్తంభము దగ్గర నిలుచుండెను. దీపములో నూనె సగమాయెను. పుల్లమాంబ ఏదో అనబోగా కోడలు వేలు అడ్డుపెట్టి వారించెను.

అంతలో సూరమ్మ పాకుచు వచ్చి, పసుపును నీళ్లలో పడవేసి, రెండు చేతులతో పిసికి, ముద్దను నోటిలో పెట్టుకొనెను. భ్రమరాంబ లేవబోయెను. ఆమె కంటె ముందే కనకము పరుగెత్తెను.

"ఒసేయ్ చెల్లీ, తినకే. అమ్మవారు" అనెను.

అని, వెనుకనున్న చేతులు ముందుకు తెచ్చి, చెల్లెలి నోటినుండి ముద్దను తీసి, దాని వ్రేళ్ల జాడలతోనే ఆకు మీద నిలిపెను. ముద్ద ఒరిగెను. భ్రమరాంబ కుడిచేయి ముందుకు కదిలెను. ఆమె తన రెండు చేతులను తొడల క్రింద పెట్టుకొని వాటి మీద కూర్చుండెను.

పుల్లమాంబ ఉండబట్టలేక, "అమ్మవారి మీద పళ్ల గాటేంటే?" అని అడిగెను.

కనకము వంగి చూచెను. "గాటు కాదు నానమ్మా. నవ్వుతోంది" అనెను.

ఆనాడు కనకము కథ చెప్పెను. అందులో అమ్మవారి బొమ్మను ఎవరో చెరిపిరి. అమ్మవారు చాలా రోజులు అలిగెను. తరువాత ఆకలివేసి వచ్చెను. భ్రమరాంబ అంతయు వినెను, ఒక్క మాటయు అందించలేదు. కథ ముగిసిన తరువాత, "ఎవరో కాదమ్మా, నేనే చెరిపాను. ఇంకెప్పుడూ చెరపను" అనెను. కనకము, "సరే అమ్మా" అని శనగలు లెక్కపెట్టుటకు కూర్చుండెను.

ముసురు విడిచెను. క్రొత్త పంట బెల్లము గట్టిగా నిలిచెను. సోమయ్య కొట్టు మునుపటివలె సాగెను. మరుసటి ఏడు వెంకాయమ్మ కూతురితో వచ్చినపుడు భ్రమరాంబ ఆ పిల్ల ముందు కూడ పసుపు పెట్టెను. శ్లోకములు చదివిన ఆ పిల్ల తల్లి ముఖము చూచెను. వెంకాయమ్మ కొంత తటపటాయించి, "నీ ఇష్టమే, చెయ్యి" అనెను. ఆ పిల్ల ఏనుగు తలగల గౌరిని చేసెను. వెంకాయమ్మ దండము పెట్టెను.

అని సుపర్ణుడు చెప్పగా వత్సలుడు విని, తాను నడచి వచ్చిన ఊళ్లకే తిరిగి పోయి, ప్రతి ఇంటి పెరటి గుమ్మమున ఈ వ్రతమును చెప్పెను.

ఈ వ్రతమును పసిపిల్లల తల్లులు చేయవలెను. తండ్రులును చేయవచ్చును, కొట్టు కొంచెము ముందుగా కట్టవలసి యుండును. తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు కూర్చుండవచ్చును కాని పేర్లు పెట్టరాదు. పిల్లలు లేనివారు పొరుగు పిల్లలను పిలిచి చేసినను ఫలము సమానము. నిద్ర చాలనివారు, ఉదయము బిడ్డను కసరి సాయంకాలము బాధపడువారు, మునుపు పట్టి విడిచినవారు తప్పక చేయవలెను. ఒక వారము తప్పినచో మరుసటి వారము చేయవలెను. దానికి ప్రాయశ్చిత్తము లేదు.

ఈ వ్రతము చేసిన ఇంట బిడ్డ నోట మాట నిలుచును, చేతికి పని వచ్చును. చదువు తన వేళకు వచ్చును. ఆ బిడ్డ పెద్దదై ఎంత దూరమున ఉన్నను, కష్టము కలిగినపుడు దాచక ఆ ఇంటికే చెప్పుకొనును. అంతకు మించిన కలిమిని గౌరి ఎవరికిని ఈయలేదు.

కథ విన్న తరువాత అక్షతలు మొదట పిల్లల చేత వేయించవలెను. అవి అమ్మవారి మీద పడకున్నను, ఎక్కడ పడినవో అక్కడనే ఉండనీయవలెను.