నూకాలు కూతురి తెలుపు

అనగనగా, పాల క్యాన్ల చప్పుడుతో తెల్లారే ఒక ఊళ్ళో నూకాలు అనే కోడలు ఉండేది. నూకాలు నలుపు. ఆమె కూతురు పైడితల్లికి రెండేళ్ళు. ఆ పిల్ల రోజురోజుకీ తెల్లబడుతోంది. "అంతా నా గేదెపాల మహిమే!" అని అత్త అప్పయ్యమ్మ ఊరంతా చెప్పుకుని మురిసిపోయేది. పిల్ల ఏడిస్తే పాలు, నవ్వితే పాలు. అన్నం మెతుకు ముట్టనిచ్చేది కాదు.

మొదట నూకాలు పిల్ల పెదవులు చూసింది. అవీ తెల్లగానే ఉన్నాయి. అత్తకి చెప్తే, "ఏటే, నీలాగ నల్లగా లేదని ఏడుపా?" అంది. నూకాలు నోరు మూసుకుంది. ఎందుకు మూసుకుందో, నాకు ఇప్పటికీ కోపమే!

ఆ తర్వాత పిల్ల గోడమట్టి గీకి తినడం మొదలెట్టింది. నాలుగడుగులు వేస్తే ఆయాసంతో చతికిలబడేది. "గారాలు పోతోంది" అంది అత్త.

అప్పుడు పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి. వాంతులు కూడా. తల పట్టుకుని ఒకటే ఏడ్చింది. చివరికి ఆ ఏడుపూ ఆగి, మత్తుగా పడిపోయింది. కుడిచెయ్యి ఎత్తి వదిలితే వాలిపోయింది. "తెల్లపిల్ల కదా, దిష్టి తగిలింది" అంటూ అత్త ఎండుమిరపకాయలు తెచ్చింది.

ఊ కొట్టవేం చిట్టీ, భయమేసిందా? నూకాలుకీ వేసింది. అయినా పిల్లని భుజాన వేసుకుంది. అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

"తప్పుకో అత్తా! పిల్లే లేకపోతే ఆ తెలుపుని ఏం చేసుకుంటావు?" అని తోసుకుంటూ పోయి, పాల వ్యాను ఆపి ఎక్కి, పట్నంలో పెద్దాసుపత్రికి చేరింది.

అక్కడ తలకి స్కానింగు తీశారు. "ఒట్టి పాలతోనే పెంచారు, ఒంట్లో ఇనుము తగ్గిపోయిందమ్మా. పైగా విరేచనాలతో నీరంతా పోయింది. అందుకే మెదడులో రక్తం గడ్డకట్టి చెయ్యి పడిపోయింది. ఈ తెలుపు అందం కాదు, రక్తం లేకపోవడం" అంది డాక్టరమ్మ.

నూకాలు భోరుమంది. ఏడుస్తూనే మంచం పక్కన కూర్చుంది, కదల్లేదు. గడ్డ పెరగకుండా మందులు పడ్డాయి, ఇనుము చుక్కలు పడ్డాయి. ఒక పొద్దున పైడితల్లి ఆ కుడిచేత్తోనే తల్లి జుట్టు పట్టి లాగింది. నొప్పెట్టినా నూకాలు నవ్వింది.

ఇంటికొచ్చాక పాలు తగ్గించి రాగిజావ, తోటకూర పప్పు, మెత్తగా చిదిమిన మేక కార్జం ముక్కలు పెట్టింది. పిల్లకి రంగు తిరిగింది. అప్పయ్యమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మో, నల్లబడిపోయిందే!"

"అది నా రంగే అత్తా. దీన్ని మళ్ళీ తెల్లపిల్లని చేస్తామన్నవాళ్ళు నా గుమ్మం తొక్కొద్దు. నువ్వైనా సరే!"

కథ కంచికెళ్ళింది, కునుకు కంటికొచ్చింది,
దిష్టి ఊరు దాటింది, నల్లపిల్ల గెలిచింది!